పని దారిని గీసి చూపిన తాపీ మేస్త్రీ

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ 1868లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టారు. మూడేళ్ల వయసులోనే తండ్రి పోయారు. పిల్లల చదువు కోసం తల్లి బోస్టన్‌కు కాపురం మార్చారు. ఇంజినీరింగ్ కాలేజీలో చేరే దారి ఉన్నా, ఆయన పదిహేడో ఏట తాపీ పనిలో కుదిరారు.

అక్కడ ఒక చిక్కు ఎదురైంది. ఇటుక పేర్చడం ఒక్కో మేస్త్రీ ఒక్కోలా నేర్పేవాడు. ఒకే మేస్త్రీ కూడా తీరిగ్గా ఉంటే ఒకలా, తొందరలో ఇంకోలా, నేర్పేటప్పుడు మరోలా పేర్చేవాడు. ఏది మేలో తేల్చుకోవాలని గిల్‌బ్రెత్ ఒక్కో కదలికనూ లెక్కపెట్టారు. ప్రతి ఇటుకకూ నేలదాకా వంగక్కర్లేకుండా, గోడతోపాటు పైకి లేచే పరంజా తయారుచేశారు. 18 కదలికలు పట్టే పని ఐదుకు తగ్గింది. గంటకు 120 ఇటుకలు పేర్చేవాళ్లు 350 దాకా పేర్చగలిగారు.

1904లో లిలియన్‌ను పెళ్లాడారు. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఆమె ఈ పనిలో సగపాలు. ఇద్దరూ పనివాళ్లను ఫిల్మ్ తీసి పరిశీలించారు. ఆపరేషన్లనూ చూశారు. డాక్టరు పనిముట్టు కోసం వెతుక్కోకుండా నర్సు చేతికి అందించాలని గిల్‌బ్రెత్ సూచించారు. ఆస్పత్రి ఊరైన వేలూరులో ఇది ఎవరికీ కొత్తగా అనిపించదు.

అసలు సంగతి 1921లో జరిగింది. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం సభలో ఆ దంపతులు ప్రాసెస్ చార్ట్ అనే పటాన్ని వివరించారు. ఫ్యాక్టరీలో ఎవరి పని వారికే తెలుస్తుంది, మొత్తం దారి ఎవరికీ కనిపించదు. ఆ దారిని చిన్న గుర్తులతో ఒకే కాగితం మీద చూపడమే వారి ఉపాయం. 1947లో ఆ సంఘం ఐదు గుర్తులను ఖాయం చేసింది. పని జరిగితే వృత్తం, సరుకు కదిలితే బాణం, తనిఖీకి చతురస్రం, ఎదురుచూపుకు ఇంగ్లిషు డి అక్షరం, నిల్వకు తలకిందుల త్రిభుజం. మనిషి దారినీ సరుకు దారినీ ఒకే పటంలో కలపకపోవడం ముఖ్యం. చాలా పటాలు చిక్కుపడేది అక్కడే.

మన గుడియాత్తం లుంగీనే తీసుకుందాం. నూలు వెంటే నడవాలి. గోదాములో నూలు త్రిభుజం. అద్దకానికి పోతే బాణం, రంగు వేస్తే వృత్తం, ఆరేదాకా ఆగితే డి. కండెలు చుట్టడం, పడుగు పోయడం, నేయడం వృత్తాలే. మడత పెట్టేముందు చూసుకోవడం చతురస్రం. గీశాక డి గుర్తులు ఎన్నో లెక్కపెడితే రోజులు ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది. నేతగాళ్ల ఇళ్ల పిల్లలు ఈ పటం గీస్తే, తప్పులు దిద్దేది మేము కాదు, వాళ్ల అమ్మానాన్నలే.

ఇది మన బళ్లకు ఎందుకంటే, పదో తరగతి దాటి ప్లస్ వన్‌లో కామర్స్ తీసుకున్న తెలుగు పిల్లల పుస్తకం ఇంగ్లిషులోనో తమిళంలోనో ఉంటుంది. పటంలోని పెట్టెల నిండా కొత్త మాటలే. పిల్లవాడికి విషయం రాలేదా, భాష రాలేదా అన్నది మాకే తెలియకుండా పోతుంది. గుర్తులతో గీయడం ముందే అలవాటైతే తేడా తెలుస్తుంది. వృత్తానికి పక్కన తెలుగులో రాసినా, తమిళంలో రాసినా, ఉర్దూలో రాసినా అది వృత్తమే.

పని తొందరైతే కూలీలకు పని పోతుందన్న భయం ఆ రోజుల్లోనే ఉండేది. అది ఉత్త భయం కాదు. పటం ఎవరి కోసం గీస్తున్నామన్నది అడగాల్సిన ప్రశ్నే. అలసట తగ్గించడమే తన పని అని గిల్‌బ్రెత్ నమ్మారు.

1924 జూన్‌లో, యూరప్ సభలకు బయలుదేరాల్సిన రోజుల్లో, 55 ఏళ్ల గిల్‌బ్రెత్ గుండె ఆగి చనిపోయారు. పన్నెండు మంది పిల్లల్లో ఒక పాప అంతకుముందే పోయింది. మిగిలిన పదకొండు మంది భారం లిలియన్ మీద పడింది. ఆమె కొద్దిరోజులకే ఓడెక్కి, భర్త మాట్లాడాల్సిన సభల్లో తానే మాట్లాడి వచ్చారు. 1935లో పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.