ఎడమ చేతి లెక్క: ఫ్యాట్స్ వాలర్ జీవితం

స్వర్ణోత్సవ సంచిక కోసం ఎవరైనా ఒక ప్రసిద్ధుడి జీవితం రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. కాళోజీ గారి గురించో, చాకలి ఐలమ్మ గురించో రాయడానికి నాకంటే అర్హులు మన బడి నుంచి చాలామంది వచ్చారు. అందుకని నేను మనవైపు ఎక్కువమంది విని ఉండని ఒక పేరు ఎంచుకున్నాను. ఆయన థామస్ రైట్ వాలర్. మనిషి లావు కాబట్టి లోకమంతా ఫ్యాట్స్ వాలర్ అని పిలిచింది. జాజ్ సంగీతం తెలిసినవాళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లుండరు. చనిపోయి ఎనభై ఏళ్లు దాటింది. అయినా పగలంతా యంత్రాల హోరులో గడిపి ఇంటికి చేరిన సాయంత్రం ఆయన పియానో ఒక్క మూడు నిమిషాలు వింటే చాలు, నాకు ఒంట్లో అలసట తెలియదు. అంత పాత రికార్డులో ఇంకా ఇంత సంతోషం ఎలా నిలిచి ఉందని ఆరా తీస్తూ పోతే ఆయన జీవితమంతా చదవాల్సి వచ్చింది. చదివింది మీతో పంచుకుంటున్నాను.

వాలర్ 1904 మే 21న న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు దక్షిణాదిన వర్జీనియా రాష్ట్రం నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన నల్లజాతివాళ్లు. తండ్రి పొట్టకూటికి బండ్ల పని చేస్తూనే మతబోధ కూడా చేసేవాడు. హార్లెం అనే నల్లవాళ్ల పేటలో వీధి మలుపుల దగ్గర నిలబడి ఆయన బోధిస్తుంటే, పిల్లవాడు పక్కన కూర్చుని రీడ్ ఆర్గాన్ వాయించేవాడు. తిత్తులతో, రీడ్లతో పలికే ఆ వాయిద్యం మన నాటకాల హార్మోనియానికి దగ్గరి చుట్టం. కొడుకు పెద్దయ్యాక చర్చి సేవలో స్థిరపడాలని తండ్రి కోరిక. జాజ్ ఆయన దృష్టిలో పాపపు సంగీతం. తల్లి మాత్రం సంగీతం తెలిసిన మనిషి, పిల్లవాడి ఇష్టాన్ని అర్థం చేసుకుంది.

వాలర్ హైస్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది. పదిహేనేళ్లకే హార్లెంలోని లింకన్ థియేటర్‌లో ఆర్గాన్ వాయించే ఉద్యోగం దొరికింది. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటే దానికి తగ్గట్టు అప్పటికప్పుడు సంగీతం అల్లాలి. ఏడుపు సీను వస్తే ఏడిపించాలి, తరుముకునే సీను వస్తే పరుగెత్తించాలి. జనం నాడి పట్టుకోవడం ఆయనకు అలవడింది అక్కడే. 1920లో తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలో ఇంట్లో ఉండలేక ఒక పియానో కళాకారుడి ఇంటికి చేరాడు. ఆ ఇంట్లో దానంతటదే మోగే ప్లేయర్ పియానో ఒకటి ఉంది.

ఈ యంత్రం గురించి నాలాంటివాళ్లకు నాలుగు మాటలు చెప్పకపోతే తోచదు. పొడవాటి కాగితపు చుట్ట మీద వరుసగా చిల్లులు పొడిచి ఉంటాయి. కాలితో తొక్కుతుంటే తిత్తులు గాలిని లాగుతాయి, కాగితం కదులుతుంది. ఎక్కడ చిల్లు వస్తే అక్కడ గాలి దారి దొరికి దానికి సంబంధించిన మెట్టు తనంతట తాను కిందికి దిగుతుంది. మన సీనియర్లు తొలినాటి కంప్యూటర్లలో వాడిన పంచ్ కార్డులకు ఇది పెద్దన్న లాంటిది. ఆ రోజుల్లో హార్లెంలో పియానోకు పెద్దదిక్కు జేమ్స్ పి. జాన్సన్. ఆయన వాయించిన 'కరోలినా షౌట్' చుట్టను యంత్రానికి ఎక్కించి, నెమ్మదిగా తిప్పుతూ, దిగిన మెట్ల మీద తన వేళ్లు పెట్టి వాలర్ ఒక్కో స్వరం నేర్చుకున్నాడు. ఏకలవ్యుడికి ద్రోణుడి మట్టిబొమ్మ ఎలాగో ఈ కుర్రవాడికి ఆ కాగితపు చుట్ట అలాగ. కాకపోతే ఇక్కడి ద్రోణుడు వేలు అడగలేదు. విషయం తెలిసి జాన్సన్ అతన్ని పిలిపించుకుని ఇంట్లో కూర్చోబెట్టి నేర్పాడు. కొడుకులా చూసుకున్నాడు.

జాన్సన్ నేర్పిన ఆ పద్ధతినే స్ట్రైడ్ అంటారు. అంటే అంగలు వేయడం. అంగలు వేసేది ఎడమ చేయి. ఒక దెబ్బకు పియానో ఎడమ కొసన ఉన్న మంద్రస్వరం కొట్టాలి. మరుదెబ్బకు మధ్యకు ఎగిరివచ్చి మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కాలి. మళ్లీ వెనక్కి. డప్పు, దాని వెనుక తాళం, రెండింటి పనీ ఎడమ చేయి ఒక్కటే చేస్తుంది. ఆ దన్ను మీద కుడి చేయి తన ఇష్టం వచ్చినట్టు ఆడుకుంటుంది, నవ్వుతుంది, వెక్కిరిస్తుంది, ఆలస్యంగా వచ్చినట్టు నటించి సరిగ్గా సమయానికి దిగుతుంది. స్వింగ్ అనే ఊపు ఆ సయ్యాటలోంచే పుడుతుంది.

దీన్ని ఒకసారి లెక్కవేసి చూశాను. నిమిషానికి 200 దెబ్బల వేగం అనుకుందాం. ఒక్కో దెబ్బకు సెకనులో మూడు పదోవంతుల సమయం. ఎడమ చేయి ఒక్కో అంగకు 25 సెంటీమీటర్లు దూకుతుందనుకున్నా, అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు పట్టే మూడు నిమిషాల్లో 600 అంగలు, 150 మీటర్లు. అంత దూరం, అదీ చూపు మెట్ల మీద పెట్టకుండా, శ్రోతలతో కబుర్లు చెబుతూ వాయించేవాడు. భూపాలపల్లి పక్కన చెల్పూరు విద్యుత్ కేంద్రం చూసిన మిత్రులకు తెలుసు, అక్కడి టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. ఆ లెక్క నిలబడితేనే మన ఇళ్లలో దీపం నిలకడగా వెలుగుతుంది. దీపం కింద కూర్చున్నవాడికి టర్బైన్ గుర్తుకు రాదు. వాలర్ నవ్వు వినేవాడికి ఎడమ చేయి గుర్తుకు రాదు. వాలర్ సంగీతానికి ఆ చేయే టర్బైన్.

ఆ రోజుల్లో హార్లెంలో అద్దెలు ఎక్కువ, కూలీలు తక్కువ. నెలాఖరుకు అద్దె కట్టలేని కుటుంబం ఇంట్లో పాటల విందు పెట్టేది. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర చిల్లర ఇచ్చి లోపలికి వెళ్లేవారు. వంటలు, పానీయాలు, తెల్లవార్లూ పియానో. జాన్సన్, విల్లీ స్మిత్, వాలర్ ఒకరి మీద ఒకరు పోటీపడి వాయించింది ఇలాంటి ఇరుకు గదుల్లోనే. పేదవాళ్లు ఒకరి ఇంటి అద్దె ఇంకొకరు గట్టెక్కించుకోవడానికి పెట్టుకున్న విందుల్లో పెరిగిన సంగీతం ఇది. అందులోని సంతోషం బరువు తెలిసిన సంతోషం.

1922లో ఓకే కంపెనీకి ఆయన మొదటి పియానో రికార్డు ఇచ్చాడు. 1926 నుంచి విక్టర్ కంపెనీ. గ్రామఫోను ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ హెచ్.ఎం.వి. వాడిన ఆ గుర్తే అక్కడ విక్టర్‌ది కూడా. న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో ఒక పాత చర్చిని కొని విక్టర్ వాళ్లు స్టూడియోగా మార్చారు. అక్కడి పెద్ద పైప్ ఆర్గాన్ మీద వాలర్ జాజ్ వాయించాడు. గొట్టాల గుండా గాలి వెళ్లి పలకడానికి కొంత ఆలస్యమయ్యే ఆ వాయిద్యంతో ఊపు తెప్పించడం మాటలు కాదు. తండ్రి కోరుకున్న వాయిద్యం, తండ్రికి నచ్చని సంగీతం, రెండూ ఆ పాత చర్చిలో కలిశాయి.

1929 ఆయనకు పెద్ద సంవత్సరం. మార్చి 1న 'హ్యాండ్‌ఫుల్ ఆఫ్ కీస్' రికార్డు చేశాడు. స్ట్రైడ్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట వినాల్సింది అదే. ఆ ఏడే 'హాట్ చాక్లెట్స్' అనే సంగీత ప్రదర్శనకు బాణీలు కట్టాడు. మాటలు ఆండీ రజాఫ్‌వి. అందులోని 'ఎయింట్ మిస్‌బిహేవిన్' ఊరూరా మారుమోగింది. బ్రాడ్‌వేలో ఆ పాటతోనే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు కొత్త శ్రోతలు దొరికారు. నల్లరంగు వల్ల మనిషి పడే బాధ చెప్పే పాట కూడా ఆ ప్రదర్శనలోనే ఉంది. దానికి బాణీ కట్టడంలోనూ వాలర్ చెయ్యి ఉంది. ఎప్పుడూ నవ్వించేవాడికి ఏడుపు తెలియదనుకునేవాళ్లు ఆ పాట వినాలి.

అదే ఏడు ఆయన చేసిన బేరం తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 'ఎయింట్ మిస్‌బిహేవిన్'తో పాటు మరికొన్ని పాటల హక్కులను 500 డాలర్లకు అమ్మేశాడు. మొదటి పెళ్లి విఫలమై, భరణం కట్టలేక కోర్టుల చుట్టూ తిరుగుతున్న మనిషి. ఒక దశలో అందుకే జైలుకూ వెళ్లాడు. చేతికి డబ్బు అందితే అదే పదివేలు అనుకునే పరిస్థితి. నిజానికి ఎన్ని పాటలు ఇలా చేతులు మారాయో, ఇంకొకరి పేరుతో ఎన్ని చలామణి అయ్యాయో లెక్క తేలదు. చేతికి ఉన్న లెక్క ఆయన జీవితానికి లేకపోయింది. పాటలో ఒక్క దెబ్బ కూడా తప్పని మనిషి సంతకం దగ్గర, సీసా దగ్గర తప్పుతూనే వచ్చాడు.

1934లో విక్టర్ కంపెనీ కొత్త ఒప్పందం ఇచ్చింది. ఆరుగురి చిన్న బృందంతో 'ఫ్యాట్స్ వాలర్ అండ్ హిజ్ రిథమ్' పేరున వందల కొద్దీ రికార్డులు వచ్చాయి. కంపెనీ తెచ్చి ఇచ్చే పాటల్లో పసలేనివే ఎక్కువ. వాటిని ఆయన సగం పాడుతూ, సగం ఆటపట్టిస్తూ, మధ్యలో మాటలు విసురుతూ నిలబెట్టేవాడు. మన జనగామ ప్రాంతంలో ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. చుక్క సత్తయ్య గారు కథ నడుపుతూ ఉన్నట్టుండి ఒక మాట విసిరి జనాన్ని నవ్వించి, డోలు దెబ్బ తప్పకుండా మళ్లీ కథలోకి వచ్చిన తీరు తలచుకోండి. వెనుక డోలు గట్టిగా ఉన్నప్పుడే ముందున్నవాడు అంత చనువు తీసుకోగలడు. వాలర్‌కు ఆ డోలు తన ఎడమ చేతిలోనే ఉంది.

పేరు ఎంత పెరిగినా స్వదేశంలో రంగు వివక్ష వదల్లేదు. 'హాట్ చాక్లెట్స్' పుట్టిన హార్లెం క్లబ్బులో వేదిక మీద నల్లవాళ్లు, బల్లల దగ్గర తెల్లవాళ్లు. దక్షిణాది ఊళ్లకు ప్రదర్శనలకు వెళితే భోజనానికి, బసకు వేరే చోటు వెతుక్కోవాల్సిందే. 1938లో, 1939లో ఐరోపా వెళ్లినప్పుడు దొరికిన ఆదరణ ఆయనకు ఊరటనిచ్చింది. 1939లో లండన్‌లో ఆ నగరపు పేటల పేర్లతో ఆరు భాగాల 'లండన్ సూట్' వాయించి రికార్డు చేశాడు. అందులో హాస్యం పక్కకు తప్పుకుని, తీరిగ్గా ఆలోచిస్తున్న మనిషి వినిపిస్తాడు.

ఈ సంగీతం మన దేశానికీ ఆ కాలంలోనే వచ్చింది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి పియానో కళాకారుడు చికాగో నుంచి షాంఘై మీదుగా బొంబాయి తాజ్ మహల్ హోటల్‌కు, తర్వాత కలకత్తా గ్రాండ్ హోటల్‌కు చేరాడు. 1945లో కలకత్తాలోనే కలరా సోకి కన్నుమూశాడు. అలాంటి హోటల్ బృందాల్లో ఆరితేరిన గోవా వాద్యకారులు తర్వాత బొంబాయి సినిమా స్టూడియోలకు వెళ్లారు. 1951 నాటి 'అల్బేలా' పాటల్లోని ఊపు అటునుంచి వచ్చిందే. రేడియోలో ఆ పాటలు విన్న మన పెద్దలు హార్లెం పేరు తెలియకుండానే ఆ సంగీతపు సంతోషాన్ని రుచి చూశారు.

1943లో వాలర్ 'స్టార్మీ వెదర్' సినిమాలో కనిపించాడు. అదే ఏడు బ్రాడ్‌వేలో 'ఎర్లీ టు బెడ్' అనే నాటకానికి సంగీతం సమకూర్చాడు. పని ఒత్తిడి, ఎడతెగని ప్రయాణాలు, తాగుడు, భారీ శరీరం, అన్నీ కలిసి ఆరోగ్యాన్ని తినేశాయి. డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో ప్రదర్శనలు ముగించుకుని పండుగకు ఇంటికి బయలుదేరి న్యూయార్క్ వైపు రైలెక్కాడు. బయట గడ్డకట్టే చలి. డిసెంబరు 15న రైలు కాన్సాస్ సిటీ చేరేసరికి ఆయన బెర్తులోనే ప్రాణం విడిచి ఉన్నాడు. న్యుమోనియా. వయసు 39. జనగామలోనూ మహబూబాబాద్‌లోనూ రాత్రి రైలు కూత వింటూ పెరిగిన మనకు, ఇంటికి రావాల్సిన మనిషి దారిలోనే ఆగిపోవడం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

హార్లెంలోని అబిసీనియన్ బాప్టిస్ట్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరిగితే వేలమంది వచ్చారు. ఆయన చితాభస్మాన్ని విమానం మీదుగా హార్లెం పైన చల్లారు. వీధి మలుపులో రీడ్ ఆర్గాన్ వాయించిన పిల్లవాడు ఆ వీధుల్లోనే కలిసిపోయాడు.

1978లో ఆయన పాటలతో కట్టిన ప్రదర్శన బ్రాడ్‌వేలో విజయం సాధించి టోనీ పురస్కారం పొందింది. హక్కులు అమ్ముకున్న ఆ పాట పేరే దానికి పెట్టారు. పాట కాగితం చేతులు మారినా, వాయించిన చేయి ఎవరిదో జనం మరిచిపోలేదు.

మన బడి నుంచి వెళ్లినవాళ్లలో టీచర్లున్నారు, రైతులున్నారు, సింగరేణిలో గనుల్లో దిగేవాళ్లున్నారు, పాటలు కట్టేవాళ్లూ ఉన్నారు. పాటలు కట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. కాగితం మీద సంతకం పెట్టేముందు తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి. మిగతా అందరికీ నా విన్నపం చిన్నది. ఫోనులో 'హ్యాండ్‌ఫుల్ ఆఫ్ కీస్' వెతికి పెట్టుకోండి. మొదటిసారి కుడి చేయి వినండి, నవ్వొస్తుంది. రెండోసారి ఎడమ చేయి ఒక్కటే వినండి. ఆ నవ్వును మోస్తున్నది ఎవరో తెలుస్తుంది.