లార్డ్ బాయిడ్ ఆర్: ఆకలికి లెక్క కట్టిన శాస్త్రవేత్త

అక్టోబరు 16వ తేదీని ప్రపంచ ఆహార దినముగా పాటించుట 1981 నుండి ఆచారమైనది. 1945లో అదే తేదీన కెనడా దేశమందలి క్వెబెక్ నగరమున ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ అవతరించెను. ఆ సభకు బ్రిటిష్ ప్రతినిధి వర్గముతో కూడ అరువదియైదేండ్ల స్కాట్లండు శాస్త్రవేత్త యొకడు వచ్చియుండెను. ఆయన పూర్తి ప్రతినిధి కాదు, సలహాదారు మాత్రమే. స్వదేశమున మంత్రిత్వశాఖల పెద్దలకు ఆయనయందు గల మక్కువయు అంతంత మాత్రమే. అయినను సభ ముగియు నాటికి ఆ క్రొత్త సంస్థకు ప్రథమ డైరెక్టరు జనరలుగా ఎన్నుకొనబడినవాడు ఆయనయే. ఆయన పేరు జాన్ బాయిడ్ ఆర్.

ఆర్ 1880 సెప్టెంబరు 23వ తేదీన స్కాట్లండులోని ఎయిర్‌షైరు జిల్లాయందు కిల్‌మార్స్ అను పల్లెలో జన్మించెను. తండ్రి రాతిగని యజమాని, మిక్కిలి దైవభక్తి గలవాడు. సంతానము ఏడుగురు. వ్యాపారమున దెబ్బ తగులుటచే ఆ యింట కలిమి కంటె క్రమశిక్షణయే హెచ్చుగా నుండెను. విద్యార్థి వేతనముతో గ్లాస్గో చేరి, ఎం.ఏ. పట్టము పొంది, ఆర్ ఉపాధ్యాయుడయ్యెను. మొదట దొరకిన బడి మురికివాడలోనిది. కడుపు నిండక, ఒంటి నిండ బట్టలేక, రోగములతో వచ్చి కూర్చుండు పిల్లల కష్టము పాఠములతో తీరునది కాదని గ్రహించి కొలది దినములకే ఆ కొలువు వదలివేసెను. మరియొక ఊరిలో కొంతకాలము బోధించి, తిరిగి విశ్వవిద్యాలయమునకు పోయి జీవశాస్త్రమును వైద్యమును అభ్యసించి, 1912లో వైద్యుడయ్యెను. ఓడలో వైద్యుడుగా నాలుగు నెలలు ఆఫ్రికా పడమటి తీరమున తిరిగెను. కాని రోగికి మందిచ్చుట కంటె రోగము పుట్టుటకు కారణమును వెదకుటయందే ఆయన మనస్సు నిలిచెను.

1914లో అబర్డీను నగరమందలి పోషకాహార పరిశోధన సంస్థకు అధిపతిగా నియమింపబడి అచటికి పోగా, ఆ సంస్థ ఉత్తరువులలో నున్నదే గాని ఊరిలో లేదు. ఒక కొయ్య షెడ్డు కట్టవలెనను ప్రతిపాదన మాత్రము కాగితముపై నుండెను. ఆర్ ఆ ప్రతిపాదనను ప్రక్కకు నెట్టి, నల్లరాతి కట్టడమునకు పునాది వేయించెను. తాత్కాలికముగా కట్టిన షెడ్డు శాశ్వతమగుట ఏ దేశమందైనను ప్రభుత్వోద్యోగులకు తెలిసిన సంగతియే గదా! ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. సైనిక వైద్యుడుగా పోరు ముంగిట పనిచేసి మిలిటరీ క్రాసు, డి.ఎస్.ఓ. అను రెండు శౌర్య పతకములను సంపాదించెను.

యుద్ధానంతరము జాన్ రౌఎట్ అను వర్తకుడు ఇచ్చిన విరాళముతో ఆ సంస్థ విస్తరించి, 1922లో ఆయన పేరిట వెలసెను. పశువుల మేతను గూర్చి పరిశోధించుటయే దాని పని. అయితే ఆ పరిశోధనలో మానవుల ఆహారమునకు పనికివచ్చునది కనబడినచో దానిని అనుసరించుటకు స్వేచ్ఛ యుండవలెనని దాత షరతు విధించెను. ఆర్ తరువాతి జీవితమంతయు ఆ చిన్న షరతు తెరచిన ద్వారమునుండియే నడచినది. 1927 ప్రాంతమున స్కాట్లండు పట్టణముల పాఠశాలలలో కొందరు పిల్లలకు ప్రతిదినము అదనముగా పాలిచ్చి చూడగా, ఇతరుల కంటె వారు ఎత్తునందును బరువునందును త్వరితముగా పెరిగిరి. 1934లో బ్రిటిష్ పార్లమెంటు బడిపిల్లలకు చౌకగా పాలిచ్చుటకు చట్టము చేయుటకు ఇట్టి ప్రయోగములు తోడ్పడెను.

1936లో వెలువడిన ఆహారము, ఆరోగ్యము, ఆదాయము అను గ్రంథము ఆయనను ప్రభుత్వమునకు కంటకుని చేసెను. 1,152 కుటుంబముల ఖర్చు లెక్కలను సేకరించి, జనులను ఆదాయమునుబట్టి ఆరు తరగతులుగా విభజించి, ఎవరు ఏమి తినుచున్నారో ఆయన చూపెను. సామ్రాజ్య కేంద్రమగు దేశముననే సగము మందికి పూర్ణారోగ్యమునకు చాలిన ఆహారము లేదనియు, అడుగున నున్న పదవ వంతు మందికి దాదాపు సమస్త పోషకములును కొరవడుచున్నవనియు తేలెను. ప్రభుత్వ పక్షమువారికి అంకెలకన్న కొలబద్దయే ఎక్కువ బాధించెను. ప్రాణము నిలుపుకొనుటకు ఎంత చాలునని వారు లెక్కించుచుండిరి. మనిషి తన పూర్తి ఎత్తునకు పెరిగి ఆరోగ్యముగా నుండుటకు ఎంత కావలెనని ఆర్ లెక్కించెను. మొదటి కొలబద్ద ప్రకారము కొరత స్వల్పము, రెండవ దాని ప్రకారము అది జాతీయ సమస్య.

అప్పటికే జెనీవాలోని నానాజాతి సమితియందు ఇదే ఆలోచన రేకెత్తియుండెను. 1935లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని స్టాన్లీ బ్రూస్ ఆరోగ్యమును వ్యవసాయమును జోడించవలెనని అచట వాదించెను. ఒకచోట రైతు పంటకు ధర లేక అలమటించుచుండగా మరియొకచోట జనులు తిండిలేక కృశించుట ఏమి న్యాయమను ప్రశ్న దానికి మూలము. ఆ సమితి ఆరోగ్య విభాగమున పనిచేసిన వాలెస్ ఎయిక్రాయిడ్ అను వైద్యుడు అదే యేట మన దేశమునకు వచ్చి, నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనశాలకు అధిపతి యయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటనులో ఆహార పంపిణీ శాస్త్రజ్ఞుల సలహాపై నడచెను. రేషను పుణ్యమా యని పేదవారు మునుపటి కంటె మేలైన ఆహారము తినగలిగిరి. అయినను 1943లో అమెరికాయందు హాట్ స్ప్రింగ్స్ అనుచోట 44 దేశములవారు ఆహారమును గూర్చి సమావేశమైనప్పుడు బ్రిటిష్ ప్రతినిధి వర్గమున ఆర్‌కు చోటు దొరకలేదు. ఆ సంవత్సరమే వంగదేశమున లక్షలాది ప్రజలు కరవునకు ఆహుతియైరి.

రెండేండ్ల పిమ్మట క్వెబెక్‌లో పదవి లభించెను. అధికారము లభించలేదు. విషయ సేకరణ గావించుట, నివేదికలు ప్రచురించుట, సలహాలిచ్చుట మాత్రమే ఆ సంస్థకు విధింపబడిన పనులు. ఆకలిగొన్నవారికి కరపత్రములు పంచుటకు ఆర్ సిద్ధముగా లేడు. 1946 మే నెలలో వాషింగ్టనున ప్రత్యేక సభను పిలిపించి, ఉన్న కొద్దిపాటి ధాన్యమును దేశముల మధ్య పంచుటకు అంతర్జాతీయ అత్యవసర ఆహార మండలిని ఏర్పరచెను. అటుపిమ్మట అదే సంవత్సరము సెప్టెంబరులో కోపెన్‌హేగెన్ మహాసభ యెదుట ప్రపంచ ఆహార బోర్డు ప్రణాళికను పెట్టెను.

ఆ ప్రణాళిక స్వరూపము సులభముగానే బోధపడును. పంట పుష్కలమై ధర నిర్ణీతమైన అడుగు మట్టమునకు దిగినప్పుడు బోర్డు ధాన్యమును కొని నిలువచేయును. కొరత యేర్పడి ధర పైమట్టమునకు ఎక్కినప్పుడు ఆ నిలువను విడుదల చేయును. కరవు వచ్చిన దేశమునకు ఆ గిడ్డంగులనుండి వెంటనే సాయమందును. మిగులు ధాన్యము కొనలేని పేద దేశములకు సులభమైన షరతులపై లభించును. వెనుకబడిన దేశముల సేద్యపు అభివృద్ధికి పెట్టుబడి సమకూర్చుట కూడ అందు చేరియుండెను. రైతునకు గిట్టుబాటు, తినువానికి తిండి రెండును ఒకే యంత్రముతో సాధింపవలెనని ఆర్ తలంపు.

కోపెన్‌హేగెన్‌లో ఆశయమును సభ ఆమోదించెను. ఆశయములను ఆమోదించుట ఎప్పుడును కష్టము కాదు. వివరములను పరిశీలించుటకు బ్రూస్ అధ్యక్షతన ఒక సన్నాహక సంఘము వాషింగ్టనున కూర్చుండెను. అచట అమెరికా తన ధాన్యముపైనను ధనముపైనను అంతర్జాతీయ బోర్డునకు పెత్తనమిచ్చుటకు అంగీకరింపలేదు. విదేశముల తిండిపై ఆధారపడిన బ్రిటను, ధరలు పెరుగునని వెనుకాడెను. సోవియట్ యూనియను సంస్థలోనే చేరలేదు. తుదకు 1947లో బోర్డునకు బదులుగా 18 ప్రభుత్వముల ప్రతినిధులు గల కౌన్సిలు నిర్ణయింపబడెను. కొనుటకు డబ్బు లేదు, నిలువచేయుటకు గిడ్డంగి లేదు. చర్చించుటకు మాత్రము అవకాశము మిగిలెను. ఒక ప్రతిపాదనను త్రోసిపుచ్చక, దాని పేరు మార్చి ప్రాణము తీయుట ఎట్లో కార్యాలయములలో మెలగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

1948 ఏప్రిలులో ఆర్ పదవినుండి తప్పుకొనెను. ఆయన కోరినది మరీ పెద్దదని అనువారు నాడును గలరు. చిన్నదానిని అడిగి సంపాదించియుండవచ్చునేమో. కాని కేవలము సలహాలిచ్చు పదవిని గౌరవముగా అనుభవించుచు కూర్చుండక, అసలు కార్యమునకే పట్టుపట్టి పోగొట్టుకొనుట ఆయన స్వభావమునకు తగినదే. 1949లో నోబెల్ శాంతి బహుమతియు, ప్రభు బిరుదమును లభించెను. బహుమతి ధనమును శాంతి కొఱకు, ప్రపంచ ప్రభుత్వము కొఱకు కృషిచేయు సంస్థలకు ఇచ్చివేసెను.

బోర్డు లేని లోకమున భారతదేశము ఏమి చేయవలసి వచ్చెనో పెద్దవారికి గుర్తే. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టము క్రింద గోధుమ ఓడలు మన రేవులకు వచ్చెను. 1965, 1966 సంవత్సరముల అనావృష్టి కాలమున ఆ దేశాధ్యక్షుడు జాన్సన్ వానిని కొద్దికొద్దిగా మాత్రమే వదలెను. ఇచ్చువాని ముఖము చూడవలసిన ఆ అగత్యమునే ఆర్ తప్పింపదలచెను. 1965లో మనదేశమున ఆహార సంస్థ నెలకొనెను. రైతుకు మద్దతు ధర నిచ్చి కొనుట, నిలువచేయుట, చౌకగా పంచుట దాని పని. దానికి మూలము ఆర్ ప్రణాళికయే యనుట అతిశయోక్తి యగును, కాని ప్రపంచమంతటికి ఆయన కోరిన యంత్రమునకు పోలిక అందు స్పష్టముగా కనబడును.

ఆయన నాటిన సంస్థయు ఊరకుండలేదు. కూనూరు ఎయిక్రాయిడ్ 1946 నుండి అచట పోషకాహార విభాగమును నడపెను. ఆయన విడిచివచ్చిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. వంగ కరవునాడు సహాయ కార్యములు చూచిన ఐ.సి.ఎస్. అధికారి వినయ రంజన్ సేన్ 1956 నుండి 1967 వరకు రోమునందు ఆర్ కూర్చుండిన పదవి నలంకరించెను. ఆయన కాలముననే ప్రపంచ ఆహార కార్యక్రమము 1963లో పని మొదలిడెను.

ఆర్ 1971 జూన్ 25వ తేదీన తొంబదియవ యేట స్కాట్లండులో మరణించెను. మూడేండ్లకు, ధాన్యపు నిల్వలు తరిగి ధరలు మండుచుండగా, రోములో ప్రపంచ ఆహార మహాసభ జరిగెను. నిల్వల సంగతి మరల చర్చకు వచ్చెను. మరల ఒక ప్రపంచ ఆహార కౌన్సిలు ఏర్పడి, 1990 దశకమున అంతరించెను. 1975లో అత్యవసర సహాయార్థము 5 లక్షల టన్నుల ధాన్యము అంతర్జాతీయముగా సిద్ధముంచవలెనని నిశ్చయించిరి. అదియు ఆయా ప్రభుత్వములు తమ యిష్టముకొలది ఇచ్చునదిగానే ఏర్పడినది.