బ్రౌను దొర – మన నోటి అరబ్బీ మాటలు

నెల్లూరు తీరమునకు అరబ్బీ భాష రెండు దారుల వచ్చెను. మొదటిది సముద్రమార్గము. 14వ శతాబ్ది ఆదిని వస్సాఫ్ అను పారశీక చరిత్రకారుడు, కొల్లము మొదలుకొని నెల్లూరు వఱకు గల తీరమును మాబరు అని పేర్కొనెను. ఆ పేరు అరబ్బీ పదము. దాటు రేవని దాని యర్థము. రెండవది రాజమార్గము. 1801లో ఈస్టిండియా కంపెనీ వశమగు వఱకు నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల యేలుబడిలో నుండెను. వారి కచేరీ భాష పారశీకము. ఆ భాష తనలో నిముడ్చుకొన్న అరబ్బీ పదములు లెక్కల కవిలెలనుండి రైతుల నాలుకలపైకి ప్రాకెను.

నవాబుల పాలన పోయినను మాటలు పోలేదు. కిస్తు, జమ, వసూలు, బాకీ, జప్తు, రద్దు, హక్కు – ఇవి యన్నియు అరబ్బీ మూలము గలవే. రైతు భూమి నిలుచుటయు పోవుటయు ఈ మాటలపై ఆధారపడి యుండెను. అయినను పండితులు వీనిని అన్యదేశ్యములని దూరముగా నుంచిరి. వీనికి నిఘంటువున పీట వేసిన మహనీయుడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను మతబోధకుడు, బహుభాషావేత్త. ఆయన శిక్షణలో బాలునకు హీబ్రూ, అరబ్బీ, పారశీక భాషలతో పరిచయము కలిగెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. 1817లో బ్రౌను కంపెనీ యుద్యోగిగా చెన్నపట్టణమున దిగి, వెలగపూడి కోదండరామ పంతులు నొద్ద తెలుగు నేర్చెను. 1820లో కడపలో కొలువున చేరి, పిమ్మట మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, గుంటూరులలో పనిచేసెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను.

మాట విలువ ఎట్టిదో ఆ కొలువులే ఆయనకు నేర్పెను. నెల్లూరైనను గుంటూరైనను కచేరీ తీరొక్కటే. రైతు చెప్పునది తెలుగు. పత్రములో నుండునది అరబ్బీ పారశీకములు కలసిన తెలుగు. తీర్పు చెప్పువాడు ఆంగ్లేయుడు. ఒక్క పదము తప్పుగా గ్రహించినచో ఒక కుటుంబపు కూడు పోవును. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరవు పీడించినపుడు, ఇతరాధికారులు దానిని కొఱత యని తేలికచేసి వ్రాయుచుండగా, ఆయన కరవును కరవనియే వ్రాసెను.

అటుపిమ్మట కొంతకాలము ఇంగ్లండున గడపి తిరిగివచ్చి, కంపెనీకి పారశీకానువాదకుడాయెను. బాల్యమున నేర్చిన భాషలు అప్పుడక్కఱకు వచ్చెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. అదే యేట ప్రభుత్వ వ్యవహారములందలి మాటలకై జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును వెలువరించెను. ఈ కడపటి గ్రంథమున తెలుగులో కలసిపోయిన పరభాషా పదములు అర్థసహితముగా చోటుచేసికొన్నవి.

అరబ్బీలో పెక్కు పదములు మూడేసి హల్లుల ధాతువులనుండి పుట్టును. వకీలు, వకాలతు ఒకే ధాతువు బిడ్డలు. అమలు, మామూలు మఱియొకదాని సంతానము. హాసిలు, మహసూలు, తహసీలు మూడును తోబుట్టువులు. మన వాడుకలో విడివిడిగా తిరుగు ఈ మాటల చుట్టరికము వాని పుట్టినిల్లు ఎఱిగినవారికే కనబడును. బ్రౌను అట్టి యెఱుక గలవాడు.

ఉద్యోగ విరమణానంతరము ఆయన లండను చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా పనిచేసి, 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూసెను.

నేడును నెల్లూరు తీరపు బడిలో ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తెఱచి తారీఖు వేయును. విద్యార్థి ప్రశ్నకు జవాబు చెప్పును. హాజరు, తారీఖు, జవాబు – మూడును అరబ్బీనుండి వచ్చినవే. వీనిని పరాయివని వెలివేసినచో మన తాతల బ్రదుకులో సగము మనకు బోధపడదు. వారి దస్తావేజులు చదువగోరువారికి బ్రౌను నిఘంటువు నేటికిని దారిదీపమే.