రాబర్ట్ బాయిల్ : గాలిని కొలిచిన దైవభక్తుడు

రసాయన శాస్త్రము చదివిన ప్రతి విద్యార్థికీ బాయిల్ నియమము పరిచయమే. ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడు, నిర్ణీత ద్రవ్యరాశి గల వాయువుపై ఒత్తిడి రెట్టింపైతే దాని ఘనపరిమాణము సగమవుతుంది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల మన బిడ్డలు ఈ వాక్యాన్ని కంఠస్థము చేసి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. కాని ఆ నియమము ఎలా తెలిసింది, దాని వెనుక ఉన్న మనిషి ఎవరు అని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువ. ఆయన జీవితము తెలుసుకుంటే పాఠము కూడా సులువుగా మనసుకెక్కుతుంది.

రాబర్ట్ బాయిల్ 1627 జనవరి 25న ఐర్లండు దేశములోని లిస్మోర్ కోటలో జన్మించారు. తండ్రి రిచర్డ్ బాయిల్ ఆ దేశములోని గొప్ప ధనవంతులలో ఒకరు. ఆయన సంతానములో రాబర్ట్ పద్నాలుగవవాడు. నాలుగేండ్లయినా నిండకముందే తల్లి మరణించింది. చిన్ననాడే నత్తి పట్టుకుంది. అది జీవితాంతము వదలలేదు. చూపు కూడా బలహీనమే. ఎనిమిదేండ్ల ప్రాయములో ఈటన్ పాఠశాలలో చేరి, 12 ఏండ్ల వయసులో అన్నతోను, గురువుతోను ఐరోపా యాత్రకు వెళ్లారు. జెనీవా నగరములో ఒక రాత్రి భయంకరమైన ఉరుములు, మెరుపులు ఆ బాలుని నిద్ర లేపాయి. ఆ రాత్రే తన జీవితాన్ని దేవునికి అప్పగించుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు. 1642 జనవరిలో ఫ్లారెన్సు నగరము చెంత గెలీలియో కన్నుమూసినప్పుడు బాయిల్ ఆ నగరములోనే ఉండి, ఆయన రచనలు చదువుతున్నారు.

ఇంగ్లండుకు తిరిగివచ్చిన తరువాత ఆయన ఆక్స్‌ఫర్డులో నివాసముండి ప్రయోగములు చేశారు. రాబర్ట్ హుక్ అనే ప్రతిభావంతుడైన యువకుడు ఆయనకు సహాయకుడు. 1659లో వారు గాలిని తోడివేసే యంత్రమును సిద్ధము చేశారు. గాజు పాత్రలో నుండి గాలి తీసివేస్తే కొవ్వొత్తి ఆరిపోయింది. లోపల ఉంచిన గడియారపు చప్పుడు క్రమేణా వినిపించకుండా పోయింది. ఇటువంటి 43 ప్రయోగములను 1660లో గ్రంథముగా ప్రచురించారు.

ఫ్రాన్సిస్ లైనస్ అనే పండితుడు ఆ గ్రంథమును ఖండించారు. గాలికి అంత బలము లేదనీ, పాదరసమును గొట్టములో నిలబెట్టేది కంటికి కనబడని ఒక దారము వంటి పదార్థమనీ ఆయన వాదన. బాయిల్ దూషణకు దిగలేదు. ప్రయోగముతోనే సమాధానము చెప్పారు. ఒక కొస మూసి, కొక్కెము వలె వంచిన పొడవైన గాజు గొట్టము తెప్పించి, పొట్టి కాలులో గాలిని బంధించి, పొడుగు కాలులో పాదరసము పోశారు. గొట్టము ఎంత పొడవంటే దానిని మెట్ల దగ్గర నిలబెట్టవలసి వచ్చింది. మొదటి గొట్టము పగిలిపోయింది. మరొకటి తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు.

ఆయన రాసుకున్న లెక్కలు చూడండి. గాలి 48 భాగములున్నప్పుడు ఒత్తిడి సుమారు 29.1 అంగుళాల పాదరసము, 24 భాగములకు తగ్గినప్పుడు 58.8, 12 భాగములకు తగ్గినప్పుడు 117.6. ఏ జతను హెచ్చవేసినా 1400కు దగ్గరగానే వస్తుంది. నియమమంటే ఇదే. 1662లో దీనిని ప్రకటిస్తూ, ఈ ఊహ తనకంటె ముందు రిచర్డ్ టౌన్లీకి తట్టిందని కూడా బాయిల్ రాశారు. కీర్తి వచ్చే చోట మరొకరి పేరు చెప్పడము పెద్ద మనసుకే సాధ్యము. వేడిమి విషయమైన నియమము షార్ల్, గేలుసాక్‌ల వల్ల ఒక శతాబ్దము దాటిన తరువాత వచ్చింది.

రసాయన చర్యల పాఠములోను బాయిల్ పాత్ర గొప్పది. భూమి, నీరు, గాలి, అగ్ని అనే నాలుగింటితోనే సర్వమూ ఏర్పడిందన్న పాత నమ్మకమును 1661లో వెలువడిన గ్రంథములో ఆయన ప్రశ్నించారు. 1664లో వయొలెట్ పువ్వుల రసము ఆమ్లములో ఎర్రగా, క్షారములో పచ్చగా మారడమును వర్ణించారు. మన పెరటి మందార రేకుల రసముతో ఏ ఉపాధ్యాయుడైనా ఇది చూపించవచ్చు. ఇనుప రజనుపై ఆమ్లము పోస్తే మండే వాయువు వస్తుందని కూడా ఆయన గమనించారు. దానినే నేడు హైడ్రోజన్ అంటున్నాము. అయితే నీచ లోహములను బంగారముగా మార్చవచ్చునన్న ఆశ ఆయనను కడవరకు విడువలేదు. మహానుభావులైనా తమ కాలపు మనుషులే గదా!

బాయిల్ వివాహము చేసుకోలేదు. 1668 నుండి లండనులో అక్క కేథరీన్ ఇంట నివసించారు. తన ధనమును బైబిలు అనువాదములకు వెచ్చించారు. ఐరిష్ భాషలో కొత్త నిబంధన 1681లోను, పాత నిబంధన 1685లోను ఆయన ఖర్చుతో అచ్చయ్యాయి. మలయ్ భాషలో సువార్తలు, అపొస్తలుల కార్యములు కూడా ఆయన సాయముతోనే వెలువడ్డాయి. 1680లో రాయల్ సొసైటీ అధ్యక్ష పదవికి ఎన్నికైనప్పుడు, ప్రమాణము చేయడము తన మనస్సాక్షికి ఒప్పదని దానిని నిరాకరించారు. 1691 డిసెంబరులో అక్క మరణించిన వారము రోజులకే ఆయనా కన్నుమూశారు. సమాధి చేసిన దేవాలయమును తరువాత పడగొట్టి కొత్తది కట్టడముతో, ఆయన సమాధి చోటు కూడా తెలియకుండా పోయింది.

సమాధి లేకున్నా ఆయన నియమము మన చుట్టూనే ఉంది. జనగామలో సైకిలు షాపు కుర్రవాడు పంపు కొట్టినప్పుడు, మహబూబాబాదు స్టేషనులో రైలు బ్రేకు వేసినప్పుడు అణగిన గాలే పని చేస్తుంది. భూపాలపల్లి భూగర్భ గనిలో దిగిన కార్మికునికి ఫ్యాను పంపే గాలే ప్రాణాధారము. అతని బిడ్డకు వాయువుల పాఠము కేవలము రెండు మార్కుల ప్రశ్న కాకూడదు.

ఉపాధ్యాయులారా, తలిదండ్రులారా! పాదరసము విషము గనుక అది మనకు అక్కరలేదు. సూది లేని కొత్త సిరంజిలో గాలి నింపి, మూతి గట్టిగా మూసి, నిలువుగా నిలబెట్టి, పైన ఒక్కొక్క పుస్తకము పేర్చితే చాలు. గాలి ఎన్ని గీతలకు దిగిందో పిల్లలే చదివి రాసుకుంటారు. లెక్క సరిగ్గా కుదరకపోతే కొట్టివేయించక, ఎందుకు కుదరలేదో వారితోనే ఆలోచింపజేయండి. సిరంజి గోడల రాపిడి, పుస్తకములకు తోడు పైనున్న వాతావరణపు బరువు, ఇవన్నీ అప్పుడు వారికి తెలుస్తాయి. నత్తితో మాటలాడలేక తడబడిన ఒక బాలుడు, గొట్టము పగిలినా విసుగు చెందక మళ్లీ పాదరసము పోసి లోకమునకు నియమము నేర్పాడు. తరగతిలో వెనుక బెంచీన మౌనముగా కూర్చున్న మన బిడ్డకూ ఆ అవకాశము ఇద్దాము.