కళకు పద్దు రాసిన ఆర్థికవేత్త

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. ఆర్థికశాస్త్రం చెప్పేవాణ్ణి గనక జాన్ మేనార్డ్ కీన్స్ గురించి రాస్తానన్నాను. నిరుద్యోగం, వడ్డీ రేటు, ద్రవ్యోల్బణం ఇక్కడ కూడానా అని మీరు భయపడనక్కరలేదు. నేను రాయబోయేది పరీక్షలో వచ్చే కీన్స్ గురించి కాదు. సంగీతం, నాటకం, నృత్యం, చిత్రకళ - వీటికి ప్రజల డబ్బు ఎవరి చేతుల మీదుగా, ఏ పద్ధతిలో అందాలి అనే ప్రశ్న కోసం తన చివరి నాలుగేళ్ళలో ఎంతో ఓపిక ఖర్చు చేసిన కీన్స్ గురించి.

ఆ ప్రశ్న చిన్నదేం కాదు. కళాకారుడికీ కడుపుంటుంది. పూర్వం రాజులూ జమీందార్లూ పోషించారు. పోషించినవాణ్ణి పొగడక తప్పలేదు. ఆ కాలం పోయింది. ఇప్పుడు ప్రభుత్వం పోషిస్తే ప్రభుత్వాన్ని పొగడాలా? పోషించకపోతే కళ అంతా టిక్కెట్టు కొనేవాడి దయకు వదిలెయ్యాలా? ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉందా? కీన్స్ వెదికింది ఆ దారినే.

ఆయన 1883 జూన్ 5న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జన్మించాడు. తండ్రి జాన్ నెవిల్ కీన్స్ అక్కడి విశ్వవిద్యాలయంలో తర్కం, ఆర్థికశాస్త్రం బోధించినవాడు. తల్లి ఫ్లారెన్స్ ఏడా, ఆడపిల్లలకు ఉన్నత విద్య అప్పుడప్పుడే అందుతున్న రోజుల్లో న్యూన్‌హామ్ కాలేజీలో చదువుకుంది. ఊరి పనులన్నీ నెత్తిన వేసుకుని, 1932లో ఆ ఊరికి మేయరయింది. పౌరుడన్నవాడు ఊరి కోసం పాటుపడాలన్న సంగతి కీన్స్ పుస్తకాల్లో కాదు, ఇంట్లోనే చూశాడన్నమాట.

ఈటన్‌లోనూ, కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలోనూ చదివి గణితంలో పట్టా పుచ్చుకున్నాడు. 1906లో సివిల్ సర్వీసు పరీక్షలో రెండో స్థానం వచ్చింది. మొదటివాడు ట్రెజరీకి, అంటే అక్కడి ఆర్థిక శాఖకు వెళ్ళగా, కీన్స్‌కు ఇండియా ఆఫీసు దక్కింది. రెండేళ్ళలో ఆ ఉద్యోగం విసుగెత్తి మానేశాడు. మన గడ్డ మీద ఏనాడూ కాలు పెట్టకుండానే 1913లో మన రూపాయి వ్యవహారం గురించి తన మొదటి పుస్తకం ప్రకటించాడు. ఈ లెక్కల మనిషికి స్నేహితులు మాత్రం చిత్రకారులూ రచయితలూను. బ్లూమ్స్‌బరీ బృందం అని పేరుపడ్డ వర్జీనియా వుల్ఫ్, వెనెస్సా బెల్, డంకన్ గ్రాంట్ మొదలైనవాళ్ళు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ట్రెజరీలో పనిచేస్తూ ఉండగా ఒక ముచ్చట జరిగింది. దెగా అనే ఫ్రెంచి చిత్రకారుడు చనిపోయాక ఆయన సేకరించుకున్న బొమ్మలు 1918 మార్చిలో పారిస్‌లో వేలానికి వచ్చాయి. ఈ సంగతి డంకన్ గ్రాంట్ చెవిన వేశాడు. యుద్ధం నడుమ బొమ్మలకు డబ్బేమిటని ఎవరైనా అంటారు. కీన్స్ మాత్రం పై వాళ్ళను ఒప్పించి నేషనల్ గేలరీ కోసం 20,000 పౌన్లు మంజూరు చేయించాడు. గేలరీ డైరెక్టరుతో కలిసి తానే పారిస్ వెళ్ళాడు. నగరం మీద జర్మన్ల ఫిరంగి గుళ్ళు పడుతున్నాయి. ధరలు పడిపోయాయి. మానే, దెలక్రా, గొగాన్ చిత్రాలు అలా లండన్ చేరాయి. సెజాన్ వేసిన చిన్న ఆపిల్ పళ్ళ బొమ్మ ఒకటి కీన్స్ తన సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. రాత్రి మిత్రుల ఇంటికి చేరేసరికి సామాను బరువై, ఆ బొమ్మను దారి పక్క కంచెలో వదిలి లోపలికి వెళ్ళాడట. సంగతి వినగానే మిత్రులు దానికోసం పరుగెత్తారు.

1919లో వర్సెయిల్స్ సంధి షరతులు నచ్చక రాజీనామా చేయడం, ఆ సంధిని విమర్శిస్తూ రాసిన పుస్తకం లోకమంతా మోగిపోవడం మీకు తెలిసిన కథే. 1925లో లిడియా లొపొకోవాను పెళ్ళాడాడు. ఆమె దియాగిలెవ్ రష్యన్ బాలే బృందంలో పేరుపొందిన నర్తకి. కాలికి గజ్జె కట్టి బతికేవాళ్ళ కష్టసుఖాలు మన దగ్గరైనా, అక్కడైనా ఒకటే. ఇవాళ చప్పట్లు, రేపు పస్తు. ఆ బతుకు కీన్స్‌కు ఇంటి సంగతయింది. ఇంగ్లీషు బాలేను నిలబెట్టడానికి 1930లో ఏర్పడిన కమార్గో సొసైటీకి ఆయన కోశాధికారిగా పనిచేశాడు.

కేంబ్రిడ్జిలో మంచి నాటకశాల లేదని తానే ఒకటి కట్టించాడు. ఖర్చులో పెద్ద భాగం ఆయనే భరించాడు. పక్కనే భోజనశాల ఉంటేనే జనం వస్తారని అదీ పెట్టించాడు. ఆ ఆర్ట్స్ థియేటర్ 1936 ఫిబ్రవరి 3న తెరిచారు. మరునాడే, ఫిబ్రవరి 4న, మనం తరగతిలో తలలు బద్దలు కొట్టుకునే ఆ మహాగ్రంథం, ‘జనరల్ థియరీ’, వెలువడింది. కొత్త నాటకశాలలో ఆ నెలలోనే లిడియా ఇబ్సెన్ నాటకాల్లో నటించింది. రెండేళ్ళకు కీన్స్ ఆ నాటకశాలను తన పేర ఉంచుకోకుండా ఒక ట్రస్టుకు అప్పగించేశాడు. ఆయన పద్ధతికి ఇదే మొదటి పాఠమని నేననుకుంటాను. డబ్బు పెట్టినవాడు పెత్తనం కూడా అట్టేపెట్టుకోకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. దీపాలార్పిన ఊళ్ళు, బాంబులు, రేషను కార్డులు. జనం మనసు చచ్చిపోకుండా చూడాలని 1940 జనవరిలో సంగీతానికీ కళలకూ ప్రోత్సాహమిచ్చే ఒక మండలి ఏర్పాటయింది. దాన్ని పొట్టిగా సీమా అనేవారు. పిల్‌గ్రిమ్ ట్రస్టు అనే ధర్మసంస్థ 25,000 పౌన్లు ఇచ్చింది. ప్రభుత్వమూ చెయ్యి కలిపింది. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో కచేరీలు పెట్టారు. సిబిల్ థార్న్‌డైక్ వంటి మహానటి వేల్స్ బొగ్గుగనుల పల్లెలకు వెళ్ళి షేక్స్‌పియర్‌ను ఆడింది. 1942లో ట్రస్టు తప్పుకుని, భారం పూర్తిగా ప్రభుత్వం మీద పడింది. ఆ ఏప్రిల్‌లోనే విద్యాశాఖ చూస్తున్న ఆర్. ఎ. బట్లర్ కోరిక మీద కీన్స్ దానికి అధ్యక్షుడయ్యాడు.

అప్పటికి ఆయన ఆరోగ్యం ఎలా ఉందంటారా? 1937లోనే గుండె జబ్బు మంచాన పడేసింది. యుద్ధపు ఖర్చుల ఆలోచన, అమెరికాతో అప్పుల బేరాలు, తర్వాత 1944లో బ్రెటన్‌వుడ్స్ సమావేశం - ఇంత బరువు మీద ఈ జీతం లేని కొలువు. అయినా వాషింగ్టన్‌లో ఉన్నా సరే, మండలి కార్యదర్శి మేరీ గ్లాస్గోకు ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడు. ఏ బృందానికి ఎంత, ఏ షరతు మీద అన్న చిన్న చిన్న సంగతులు కూడా వదిలేవాడు కాదు.

ఆయన నడిపిన తీరు చూడండి. ఊరికే విరాళాలు పంచడం కంటే, నష్టం వస్తే ఇంతవరకు మేం పూడుస్తాం అని హామీ ఇవ్వడం మేలనుకున్నాడు. అలా అయితే బృందం జనాన్ని రప్పించే ప్రయత్నం మానదు, భయపడి నాసిరకానికి దిగజారదు. లాభం కోసం కాకుండా నడిచే సంస్థలతోనే పొత్తు. అలాంటివాటికి వినోదపు పన్ను మినహాయింపు దొరికేది. 1766లో కట్టిన బ్రిస్టల్ థియేటర్ రాయల్ పాడుపడి గోడౌను కాబోతుంటే, 1942లో మండలి దాన్ని అద్దెకు తీసుకుని నిలబెట్టింది. మరుసటి ఏడు అక్కడ మళ్ళీ తెర లేచింది.

యుద్ధం ముగిసే వేళకు దీన్ని శాశ్వత సంస్థగా మార్చాలని నిర్ణయమైంది. 1945 జూన్‌లో పార్లమెంటులో ఆ సంగతి ప్రకటించారు. జూలైలో కీన్స్ రేడియోలో మాట్లాడుతూ జనానికి తన ఉద్దేశం వివరించాడు. కళాకారుడు తన దారిన తాను నడిచేవాడనీ, అతనికి దారి చూపడం ప్రభుత్వం పని కాదనీ, ధైర్యమూ అవకాశమూ ఇవ్వడమే పననీ దాని సారాంశం. మంత్రిత్వ శాఖ కింద గుమాస్తాల ఫైళ్ళలో కళ చిక్కుకోకూడదని ఆయన పట్టు. అందుకే కొత్త ఆర్ట్స్ కౌన్సిల్‌కు విద్యాశాఖ ద్వారా గాక, ట్రెజరీ నుంచి నేరుగా నిధులు వచ్చే ఏర్పాటు చేయించాడు. 1945-46కు అందిన మొత్తం 235,000 పౌన్లు. డబ్బు ఇచ్చే చెయ్యి ప్రభుత్వానిది. పంచే చెయ్యి జీతం పుచ్చుకోని పౌరులది. మధ్యన కొంత ఎడం. ఆయన కనిపెట్టిన యంత్రం ఇంతే.

యంత్రం బాగుంది గానీ నడిపేవాడూ మనిషే కదా. కీన్స్‌లో లోపాలు లేవని నేననను. పల్లెల్లో, గనుల్లో పనిచేసేవాళ్ళు తామే పాడి, తామే ఆడుకోవాలన్నది సీమా పుట్టించిన టామ్ జోన్స్ వంటివారి కోరిక. సంగీతకర్త వాన్ విలియమ్స్‌కూ అదే ఇష్టం. కీన్స్‌కు ఔత్సాహికుల ఆటపాటల మీద అంత గురి లేదు. ప్రమాణం ముఖ్యమన్నాడు. వృత్తి కళాకారుల వైపు, లండన్ వైపు మొగ్గాడు. పైగా డబ్బిచ్చే మండలికీ, డబ్బు పుచ్చుకునే కోవెంట్ గార్డెన్ నాటకశాల ట్రస్టుకూ తానే అధ్యక్షుడు. ఇవాళ మన కాలేజీలో ఎవరైనా ఇలా చేస్తే సర్వసభ్య సమావేశంలో ఊరుకుంటారా? ప్రభుత్వం పెత్తనాన్ని ఆపవచ్చు, మంచి అభిరుచి గల పెద్దమనిషి పెత్తనాన్ని ఎలా ఆపాలి అన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆ కోవెంట్ గార్డెన్ యుద్ధకాలంలో సోల్జర్లు డాన్సు చేసే హాలుగా మారిపోయింది. దాన్ని మళ్ళీ కళకు అప్పగించాలని కీన్స్ పంతం పట్టాడు. 1946 ఫిబ్రవరి 20న రాజు, రాణి సమక్షంలో ‘స్లీపింగ్ బ్యూటీ’ బాలేతో తెర లేచింది. ఆ సాయంత్రం ఆయనకు గుండె నొప్పి వచ్చింది. రాజదంపతులకు లిడియా స్వాగతం చెప్పవలసి వచ్చింది. తర్వాత మళ్ళీ అమెరికా ప్రయాణం, మళ్ళీ బేరాలు. ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం నాడు, ససెక్స్‌లోని టిల్టన్ ఇంట్లో కన్నుమూశాడు. వయసు 62. తల్లిదండ్రులిద్దరూ ఇంకా బతికే ఉన్నారు. ఆర్ట్స్ కౌన్సిల్‌కు రాజశాసనం ఆగస్టు 9న వచ్చింది. తాను కట్టిన ఇంటి గృహప్రవేశం ఆయన చూడలేదు. ఆ కౌన్సిల్ 1994లో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్ శాఖలుగా విడిపోయింది.

మన దేశంలో కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953 జనవరి 28న ప్రారంభమైంది. దాని తొలి అధ్యక్షులు పి. వి. రాజమన్నార్ గారు. అప్పుడాయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. బళ్ళారి రాఘవ గారు రంగం మీద ఆడిన ‘తప్పెవరిది’ నాటకకర్త కూడా ఆయనే. అక్కడ ఆర్థికవేత్త, ఇక్కడ న్యాయమూర్తి. ఇద్దరికీ బతుకుతెరువు వేరు, కళ మీద ప్రేమ వేరు. ఇద్దరూ మంత్రులు కారు. ఇలాంటి పదవికి ఇలాంటివాళ్ళే తగినవాళ్ళని నా నమ్మకం. ఎడం మాత్రం ఒకసారి ఏర్పరిస్తే ఎప్పటికీ ఉంటుందనుకోకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మన రాష్ట్ర అకాడమీలు 1980 దశకంలో రద్దయి, వాటి పని 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి చేరింది. అది మంచికా చెడుకా అన్న దాని మీద పెద్దలు అప్పట్లో రెండు విధాలా వాదించారు. ప్రభుత్వం పెట్టినదాన్ని ప్రభుత్వమే తీసెయ్యగలదన్నది మాత్రం వాదన అక్కరలేని సంగతి.

విద్యార్థి మిత్రులారా, మీ సాంస్కృతిక విభాగానికీ ఏటా కొంత సొమ్ము వస్తుంది. అది మీ తోటివాళ్ళు ఫీజుతో పాటు కట్టిన సొమ్ము. ఏ నాటకానికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అని మీలో కొందరు కూర్చుని తేల్చవలసిందే. లెక్క మాత్రం గట్టిగా అడగండి, పైసాతో సహా. ఇచ్చాక నాటకం మీకు నచ్చినట్టే ఉండాలని పట్టుబట్టకండి. మీకు నచ్చని నాటకం ఒకటి మీ డబ్బుతో ఆడితే, ముందు వరసలో కూర్చుని చివరిదాకా చూడండి. కీన్స్ పాఠం అక్కడ మొదలవుతుంది.