కలరా ఉండకు కన్నిచ్చిన శాస్త్రజ్ఞుడు: హార్ట్‌మట్ కాల్మన్

బట్టలు పురుగు కొట్టకుండ పెట్టెలలో వేయు కలరా ఉండను ఎరుగనివారుండరు. అందలి నాఫ్తలీనుతో అణుకిరణముల జాడ పట్టిన మహనీయుడు హార్ట్‌మట్ కాల్మన్.

ఈయన 1896లో జర్మనీలోని బెర్లిన్ నగరమున జన్మించెను. ఫ్రిట్జ్ హేబర్ పరిశోధనాలయమున పనిచేయుచుండగా, యూదు వంశజుడగుటచే 1933లో హిట్లరు ప్రభుత్వము ఈయనను ఉద్యోగమునుండి తొలగించెను. యుద్ధకాలమంతయు బెర్లిన్‌లోనే గడపియు శాస్త్రమును విడువలేదు.

పూర్వము కిరణములు తగిలి జింకు సల్ఫైడు తెరపై మెరయు చుక్కలను శాస్త్రజ్ఞులు చీకటి గదిలో కంటితో లెక్కించెడివారు. తెర పలుచనిదిగానే ఉండవలెను. నాఫ్తలీను గడ్డ మందముగనున్నను, లోపల పుట్టిన మెరుపును వెలుపలికి పంపును. 1947లో శిథిలమైన బెర్లిన్‌లో కాల్మన్ ఆ గడ్డచెంత, కాంతిని విద్యుత్తుగా మార్చి పెంచు గొట్టమును అమర్చెను. కంటి పనిని యంత్రము చేసెను.

వేగముగ పోవు న్యూట్రానుకు విద్యుదావేశము లేదు. కావున తనంత తాను జాడ చూపదు. సేంద్రియ పదార్థములలో హైడ్రోజను విస్తారము. గోలీ గోలీని కొట్టినట్లు, న్యూట్రాను ఇంచుమించు తనంత బరువుగల హైడ్రోజను కేంద్రకమును కొట్టును. చెదరిన కేంద్రకము వెలుగు పుట్టించును. నేటికిని ఇట్టి న్యూట్రానులను పట్టుటకు సేంద్రియ పదార్థములనే విరివిగా వాడుచున్నారు.

కాల్మన్ తరువాత న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, మెరయు ద్రవములను గూర్చియు పరిశోధించి, 1978లో కీర్తిశేషుడయ్యెను.

పదవిని ప్రభుత్వము లాగికొనగలదు, విద్యను లాగికొనజాలదు. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులు ఈ జీవితమునుండి గ్రహింపదగినది ఇదియే.