ఆగిపోయిన ఆటలో ఎవరి వాటా ఎంత?



అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు మీ బంధువర్గంలో ఉంటే అడిగి చూడండి. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీలు ఇప్పుడు ఒట్టి ఆటలు కావు. రెండు జట్లకూ కలిపి 140 పాయింట్లు దాటుతాయా, దాటవా అనే దాని మీద ఫోనులోనే బేరాలు సాగుతున్నాయి. దాటితే ఒక డాలరు వస్తుంది, దాటకపోతే ఏమీ రాదు. అలాంటి బేరం 60 సెంట్లు పలుకుతోందంటే, నూటికి అరవై పాళ్లు దాటవచ్చునని కొనేవారి అంచనా.

ఇంకా తేలని ఆటకు ఇలా వెలకట్టే లెక్కకు పునాది వేసిన ఇద్దరిలో ఒకరు బ్లేజ్ పాస్కల్. ఆయన కతోలికుడని మీలో ఎందరికి తెలుసు?

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సులోని క్లెర్మాంలో జన్మించారు. మూడేళ్లకే తల్లి పోయింది. తండ్రి ఎతియెన్ తానే ఇంట్లో చదువు చెప్పారు. ఆ తండ్రి పన్నుల లెక్కలతో సతమతమవుతుంటే చూడలేక, ఇరవై ఏళ్లు నిండకుండానే కూడికలు, తీసివేతలు చేసే యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు.

1651లో తండ్రి మరణించారు. చెల్లెలు జాక్విలిన్ పోర్ రాయల్ మఠంలో చేరుతానంటే పాస్కల్ అడ్డుపడ్డారు. ఆమె వాటా సొమ్ము మఠానికి ఇవ్వడానికి చాలాకాలం చేతులు రాలేదు, చివరకు దిగివచ్చారు. గొప్పవారి ఇళ్లలోనూ వాటాల తగవులు ఉంటాయి మరి!

ఆ రోజుల్లోనే పాస్కల్‌కు పెద్దింటి జూదరులతో పరిచయం కలిగింది. వారిలో మెరె అనే ప్రభువు ఒక చిక్కు ప్రశ్న వేశాడు. ఇద్దరు చెరి 32 బంగారు నాణేలు ఒడ్డారు. ముందు మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు రెండు, మరొకడు ఒకటి గెలిచాక ఆట ఆగిపోయింది. సొమ్ము ఎలా పంచాలి?

పాస్కల్ ఇలా ఆలోచించారు. మరొక ఆట ఆడితే ఏమవుతుంది? మొదటివాడు గెలిస్తే 64 అతనివే. ఓడితే ఇద్దరూ సమానం, చెరి 32. అంటే ఓడినా 32 అతనికి ఖాయం. మిగిలిన 32 ఎటైనా పోవచ్చు గనుక వాటిని సగం చేయాలి. కాబట్టి మొదటివాడికి 48, రెండవవాడికి 16. 1654 వేసవిలో తులూజులోని న్యాయాధికారి ఫెర్మాకు ఈ సంగతి రాస్తే, ఆయన వేరే దారిలో అదే జవాబుకు వచ్చారు. జరిగిపోయిన ఆటలను కాక, జరగబోయేవాటిని లెక్కించడమే ఇందులోని కిటుకు. నేటి భీమా కంపెనీలూ, ఆ ఫోను బేరాలూ నడిచేది ఈ దారిలోనే.

అదే ఏడు నవంబరు 23 రాత్రి సుమారు పదిన్నర నుండి పన్నెండున్నర వరకు ఆయనకు గాఢమైన దైవానుభవం కలిగింది. ఆ తర్వాత జీవితం మారిపోయింది. పోర్ రాయల్ వారి పక్షాన ఆయన వ్రాసిన లేఖలను 1657లో శ్రీసభ నిషేధించిన మాట నిజం. 2023లో, ఆయన నాలుగు వందల జయంతినాడు, పోపు ఫ్రాన్సిస్ ఒక ప్రత్యేక లేఖ వ్రాసి ఆయనను గౌరవించిన మాటా నిజమే. దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్ననే పందెంగా పెట్టి సంశయవాదులతో ఆయన చేసిన వాదన, మరణానంతరం అచ్చయిన పుస్తకంలో ఉంది.

1662లో పారిసులో ఐదు సొలులకు ఎక్కగల గుర్రపు బండ్లను మిత్రులతో కలిసి నడిపించారు. తన వంతు లాభం నుండి బ్లువా ప్రాంతపు పేదలకు ముందుగానే సొమ్ము పంపాలనుకున్నారు గాని భాగస్వాములు ఒప్పుకోలేదు. ఆ ఏడే తన ఇంట ఆశ్రయమిచ్చిన పేద కుటుంబంలో ఒక పిల్లవాడికి మశూచి సోకింది. బిడ్డను కదిలించవద్దని, జబ్బుతో ఉన్న తానే ఇల్లు విడిచి అక్క జిల్బెర్త్ ఇంటికి వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. విచారణ గురువు చేతుల మీదుగా దివ్యసత్ప్రసాదం స్వీకరించి, ఆగస్టు 19న, 39వ ఏట కన్నుమూశారు.

కొన్ని రోజులకు ఒక సేవకుడు ఆయన కోటు తడిమి చూస్తే లోపలి గుడ్డలో ఏదో గట్టిగా తగిలింది. విప్పితే 1654 నవంబరు నాటి ఆ రాత్రిని గురించి పాస్కల్ స్వయంగా వ్రాసుకున్న తోలు కాగితం బయటపడింది. ఎనిమిదేళ్లూ కోటు మార్చినప్పుడల్లా ఆయన దాన్ని విప్పి, కొత్తదానిలో కుట్టుకుంటూ వచ్చారు.